మంచం దిగొద్దన్న మాట

ఆమెకు మొగుడి మీద ఉన్న ఫిర్యాదల్లా ఒక్కటే: ఆయన మరీ దయగలవాడు. ఆ దయంతా బస్సు డిపోలోనే ఖర్చయిపోతుంది. ఇల్లు చేరేసరికి చిల్లర కూడా మిగలదు.

ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలో నిర్ణయించే కంట్రోలర్ ఆయన. కళ్లు ఎర్రబడ్డ డ్రైవరు కనిపిస్తే చాలు, మేనేజరు మొత్తుకున్నా తాళంచెవి ఇవ్వడు. "రెస్ట్ లేని మనిషి చేతిలో స్టీరింగ్ పెట్టేదే లేదు" అంటాడు. డ్రైవర్లు ఆయన్ని ముద్దుగా 'రెస్ట్ సార్' అని పిలుచుకుంటారు.

ఇంట్లో ఆ మాటకు ఎవరి నిఘంటువు వాళ్లది. ఆయనకు రెస్ట్ అంటే సోఫాలో కాళ్లు చాపుకుని, రిమోట్ ఎక్కడుందని ఆమెను అడగడం. కూతురికి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చెవిటిదైపోవడం. అత్తగారి లెక్కలో కూర్చుని చేసే పనేదైనా రెస్టే. "కాసేపు రెస్ట్ తీసుకోవే అమ్మాయ్, ఈ వెల్లుల్లి ఒలుచుకుంటూ" అంటుంది, పాపం, నిజమైన ప్రేమతోనే. ఆమె మాత్రం కుక్కర్ కూత కోసం చూస్తూ గట్టుకు నడుం ఆన్చడాన్నే రెస్ట్ అనుకుని ఇన్నేళ్లూ నెట్టుకొచ్చింది. కాలేజీలో తర్కశాస్త్రం చదివిన మనిషే. ఇంటి తర్కం సిలబస్‌లో లేకపోయింది.

మొన్న ఆమెకు గర్భసంచి తీసేశారు. ఇంటికి పంపేరోజు డాక్టరు ఆయన్ని లోపలికి పిలిచి మాట్లాడాడు. ఆమె వరండాలో చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. ఆయన నవ్వుతూ బయటికొచ్చాడు. "ఏం పర్లేదట. మామూలుగా తిరుగుతుంటేనే కుట్లు మానతాయట. నువ్వు మంచం పడితే మంచం నిన్ను పట్టుకుంటుందన్నాడు డాక్టరు." ఆ మాటకు ఆమె నవ్వి, కుట్లు లాగి, పొట్ట పట్టుకుని మళ్లీ నవ్వింది.

అందుకే తిరిగింది. వంట చేసింది, తడిబట్టల బకెట్ మోసింది. పొత్తికడుపులో కత్తి దిగినట్టయితే తన ఒళ్లే మరీ సుకుమారమనుకుంది. "డాక్టరే తిరగమన్నాడు కదటే" అని అత్తగారు ఇంకో బకెట్ చూపించింది. ఆయన మాత్రం సెలవు పెట్టాడు. "నీ కోసమే" అన్నాడు. ఆమెకు కళ్లు చెమర్చాయి. తన కోసం సెలవు పెట్టి సోఫాలో పడుకున్న మనిషికి గంటగంటకూ టీ అందించింది.

ఒక సాయంత్రం ఇద్దరు డ్రైవర్లు పళ్లు పట్టుకుని పలకరించడానికి వచ్చారు. వాళ్లలో పెద్దాయన్ని డిపో అంతా బాబాయ్ అంటుంది. ఆమె టీ ట్రేతో హాల్లోకి రాగానే ఆ పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అయ్యో, మీరు లేచారేంటమ్మా!"

"టీ దానంతట అది నడిచి రాదు కదా బాబాయ్."

"జోకులు కాదమ్మా. డాక్టరు మిమ్మల్ని మంచం దిగొద్దన్నాడట కదా! గ్లాసుడు మంచినీళ్లయినా తనే అందించాలని సార్ చెబితేనే మేనేజరు సెలవిచ్చాడు. మా ఇంట్లో ఆడవాళ్లు రోజూ ఈయన పేరు చెప్పి మా ముఖాన కొడుతున్నారు, మొగుడంటే అలా ఉండాలని."

పని చేసినందుకు కాదు ఆమె బాధ. 'డాక్టరు దిగొద్దన్నాడు, కానీ ఎలాగే?' అని ఒక్కమాట అడిగి ఉంటే తనే లేచేది. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ అడగడం కూడా దండగనుకున్నాడు. నిజాన్ని సెలవుకు వాడుకుని అబద్ధాన్ని ఇంటికి తెచ్చాడు. మంచం పట్టుకుంటుందన్న ఆ మాట డాక్టరుది కానే కాదు. ఆ తలుపు దాటి వస్తూ, కుర్చీలో ఉన్న తనను చూస్తూ, ఆయనే అల్లేశాడు. తను నవ్వింది.

"అంటే... కాస్త తిరిగితే కూడా మంచిదేనని..." ఆయన మాట ఏ స్టాపుకూ చేరకుండానే ఆగిపోయింది.

"ఒరేయ్! డాక్టరు తిరగమన్నాడని నాతో చెప్పావు కదరా!" అత్తగారు వంటింటి గుమ్మంలోంచి అరిచింది. "పచ్చిపుండు మీద దీని చేత బకెట్లు మోయించాను కదరా!"

ఆమె ట్రే తీసుకెళ్లి ఆయన ఒళ్లో పెట్టింది. లోపలికి వెళ్లి పడుకుంది. కాసేపటికి గుమ్మంలో నీడ కదిలింది.

"ఇంట్లోనే ఉంటావు కదా... అదే రెస్ట్ అనుకున్నా."

"నిజంగా అలా అనుకుని ఉంటే డిపోలో కూడా ఆ మాటే చెప్పి ఉండేవారు."

ఆయన పరదా అంచు నలిపాడు. "సరేలే, తప్పయింది" అన్నాడు, ఆ పరదాకే చెబుతున్నట్టు.

"నాకు కాదండీ. మిమ్మల్ని మెచ్చుకున్నవాళ్లు ఇంకా హాల్లోనే ఉన్నారు. వాళ్లకు చెప్పండి. చెప్పేదాకా ఈ మంచం దిగను." కళ్లు మూసుకుంది. "చెప్పినా దిగననుకోండి, అది వేరే సంగతి."

గుమ్మంలో నీడ తొలగింది. తర్వాత హాల్లో టీవీ ఆగింది.

"బాబాయ్, కూర్చోండి, ఒక్క మాట. డాక్టరు మంచం దిగొద్దన్న సంగతి నేను తనకు చెప్పలేదు. అబద్ధమాడి పని చేయించుకున్నాను." ఆయన గొంతు ఇంకాస్త గట్టిగా వినబడింది. "తప్పు నాదే."