లెక్కలోకి రాని వరుస

మా అక్క వంకాయల శాస్త్రవేత్త. కాయకష్టం అంటే ఆవిడదే, కాయ కోసం కష్టం. పరిశోధన కేంద్రం వెనక మడిలో మట్టికి ఎండు తెగులు పట్టింది. అక్కడ నాటిన వంగమొక్క పూతకొచ్చే వేళకి తల వాల్చేస్తుంది. ఆ మట్టిలోనూ నిలిచే రకం కోసం ఏడేళ్లుగా ఆవిడ రకాలు మార్చి మార్చి నాటుతోంది. ఈసారీ ఒక్కటీ నిలవకపోతే ప్రయోగం మూసేస్తామని డైరెక్టరుగారు చెప్పేశారు. ఆయన మాటకి వంక పెట్టలేం. వంకలన్నీ ఆయనే వాడేసుకున్నారు.

లెక్కపెట్టే మనిషి సెలవు పెడితే, తమ్ముణ్ణి కనుక నన్ను లాక్కెళ్లింది. ముప్ఫయ్యారు రకాలు. బతికినవి ఎన్నో నేను చెప్పడం, ఆవిడ రాయడం. ముప్ఫయ్యారు సున్నాలయ్యాక కలం మూసి గట్టు మీద కూలబడింది. తగులుకుంటే తెగనిది కాబట్టే తెగులన్నారని నేనేదో అన్నాను. నోరు మూసుకోరా అంది, కోపం కూడా లేకుండా.

అప్పుడు చూశాను. మడి చుట్టూ ఒకే వరుస, నడుమెత్తు పచ్చటి మొక్కలు. కాయల బరువుకి వంగి ఉన్నాయి. వంగ అని ఊరికే అనలేదు.

"మరి ఇవేంటక్కా?"

"కాపలా వరుసరా. అంచు మొక్కలకి ఎండా గాలీ ఎక్కువ. అందుకని అంచున స్టోరులో దొరికే మామూలు రకం వేసి, లెక్కలోంచి తీసే..."

మాట అక్కడే ఆగిపోయింది. ఆ మామూలు రకం అన్నిటికంటే ముందు చావాలి.

మడి పనులు చూసే మేస్త్రిని పిలిచింది. అడగ్గా అడగ్గా చెప్పాడు. స్టోరులో విత్తనం అడిగితే మూడు సంతకాలు, ముప్ఫై చీవాట్లు. అందుకని మొదటి ఏడాది చావగా మిగిలిన రెండు మొక్కల గింజలు దాచి, మరుసటేడు అవే వేశాడట. అలా ఏటా.

"తప్పే మేడమ్. బతికినవాటి గింజలే కదా అని..."

అక్క ఒక కాండం ముక్క కోసి గ్లాసు నీళ్లలో నిలబెట్టింది. తెగులుంటే కోసినచోటు నుంచి పాలలాంటి దారం నీళ్లలోకి జారుతుంది. ముగ్గురం గ్లాసు మీదికి వంగాం. ఐదు నిమిషాలు. పది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. అంత చావు నిండిన మట్టిలోంచి ఈ కాడ ఇంత శుభ్రంగా పైకొచ్చింది. ఏడేళ్లు ఎవరూ తూచకుండా, ఎవరూ పేరు పెట్టకుండా, చచ్చేవి చస్తూ బతికేవి బతుకుతూ అందరి కళ్లముందే వచ్చింది.

"ఇంకో పది కొయ్యండి," అంది అక్క.

గ్లాసులు చాలక టీ కప్పులూ తెచ్చాం. పదింటిలోనూ నీళ్లు తేటగానే ఉన్నాయి.

కాపలా వరుసకి పుస్తకంలో గడి లేదు. ముప్ఫయ్యారో సున్నా కింద స్కేలు పెట్టి కొత్త గడి గీసింది. కలం మేస్త్రి వైపు చాపింది.

"రకం కనిపెట్టినవాళ్ల పేరు ఇక్కడ రాయాలి. మీరే రాయండి."

ఆయన మట్టిచేతులు చొక్కాకి తుడుచుకుంటూనే ఉన్నాడు.