నీళ్ళ గడి

రెండు వందల పన్నెండో పేజీ దగ్గర ఆవిడ ఆగిపోయింది.

జన్యుమార్పిడి చేసిన పంటల దరఖాస్తులు చదివి, అందులో రాసినదాన్ని ఎంతవరకు నమ్మొచ్చో తేల్చడం ఆవిడ ఉద్యోగం. పదకొండేళ్ళుగా అదే పని. ఆఫీసులో అందరూ చాటుగా ‘అనుమానం అక్క’ అంటారని ఆవిడకు తెలుసు. ఎదురుగా అన్నా ఏమీ అనుకునేది కాదు.

ఈసారి వచ్చింది మొక్కజొన్న. పురుగును తట్టుకునే జన్యువును అందులో చేర్చారు. ఆ జన్యువును ముందుగా ల్యాబులో బాక్టీరియాలో పెంచేటప్పుడు, గుర్తు కోసం ఇంకొకటి జతచేస్తారు. అది యాంటీబయాటిక్ పోసినా బాక్టీరియాను చావనివ్వదు. బతికినవాటిలో తమకు కావలసినది ఉన్నట్టు లెక్క. ఆ గుర్తు జన్యువు మొక్కలోకి రాలేదని కంపెనీ రాసింది. రుజువుగా ఒక ఫొటో పెట్టింది. వరసగా గడులు. జన్యువు ఉన్న గడిలో తెల్లటి గీత వెలుగుతుంది. మొక్కజొన్న గడులన్నీ నల్లగా ఉన్నాయి.

కానీ చివర ఒక గడి ఉండాలి. అందులో ఉత్తి నీళ్ళు వేస్తారు. అదీ నల్లగా ఉంటేనే పరీక్ష శుభ్రంగా జరిగినట్టు. ఆ గడి ఫొటోలో లేదు. కుడి అంచు కత్తెర పెట్టినట్టు తిన్నగా ఉంది.

ఫైలు చంకన పెట్టుకుని డైరెక్టరు గదికి వెళ్ళింది.

“వదిలెయ్యమ్మా,” అన్నాడాయన కళ్ళజోడు తుడుచుకుంటూ. “మొక్కలో ఉన్న జన్యువు మన పొట్టలోని బాక్టీరియాకి చేరడం ఎంత అరుదో నీకు నేను చెప్పాలా?”

“అరుదే సార్. కానీ ఆ గుర్తు జన్యువు పనిచెయ్యనివ్వనిది పాతబడిపోయిన మందుని కాదు, ఆస్పత్రుల్లో పసిపిల్లలకి ఇస్తున్న మందుని. పైగా వాళ్ళు ‘అరుదు’ అని రాయలేదు, ‘లేదు’ అని రాశారు.”

“సరే, ల్యాబు నీదే. తేల్చుకో.”

ఆ వారమే అత్తగారు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చింది. కాలి పుండు మానడానికి మూడో మందు దాకా వెళ్ళాల్సి వచ్చింది. “మొదటి రెండూ నా మీద ఎందుకు పనిచెయ్యలేదే?” అని కోడల్నే అడిగింది. దానికీ మొక్కజొన్నకీ ఏ సంబంధమూ లేదని ఆవిడకు తెలుసు. అయినా మర్నాడు అరగంట ముందే ల్యాబుకు వెళ్ళింది.

కంపెనీ పంపిన గింజల్ని పొడిచేసి, పరీక్ష పెట్టింది. మధ్యాహ్నానికి ఫొటో వచ్చింది. మొక్కజొన్న గడులన్నిటిలోనూ సన్నటి తెల్లగీతలు!

“దొరికారు!” అంది పైకే.

తర్వాత చివరి గడి చూసింది. ఉత్తి నీళ్ళలోనూ అదే గీత.

కుర్చీలో కూలబడింది. డైరెక్టరు వచ్చి భుజం మీదుగా తొంగిచూశాడు. “ఏంటమ్మా, మన నీళ్ళలో కూడా మొక్కజొన్న మొలిచిందా?”

ఆవిడకు నవ్వు రాలేదు. రెండు రోజులు సీసాలన్నీ ఒక్కొక్కటే మార్చి చూసింది. తప్పు పరీక్షలో కలిపే ఎంజైములో ఉంది. దాన్ని తయారుచేసేది కూడా బాక్టీరియాలోనే. అక్కడి గుర్తు జన్యువు తునకలు సీసాలోకి వచ్చేశాయి. వేరే చోట నుంచి శుభ్రమైన ఎంజైము తెప్పించి, మూడుసార్లు చేసింది. మూడుసార్లూ మొక్కజొన్న గడులు నల్లగానే ఉన్నాయి. నీళ్ళ గడీ నల్లగానే ఉంది.

అంటే కంపెనీ చెప్పింది నిజమే. మరి కత్తెర ఎందుకు?

కంపెనీ శాస్త్రవేత్తను పిలిపించింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, ఇస్త్రీ చొక్కా, చేతిలో లావుపాటి ఫైలు. అడగక ముందే, “పేజీలో పట్టక అంచు తీసేశాం మేడమ్,” అన్నాడు.

ఆవిడ వాదించలేదు. తన చెడిపోయిన ఫొటో తీసి అతని ముందు పెట్టింది. “ఇది నేను చేసింది. నీళ్ళలో గీత చూడండి. ఇది కూడా నా రిపోర్టులో వెళ్తుంది.”

అతను దాన్ని దగ్గరికి లాక్కుని చూశాడు. చొక్కా కాలరు సర్దుకున్నాడు. “మాదీ ఇంతే మేడమ్. పోల్చి చూడ్డానికి ఆ జన్యువునే వేసిన పక్క గడిలోది నీళ్ళలోకి ఒలికింది. మొక్కజొన్న గడులు బాగానే వచ్చాయి కదా అని... మళ్ళీ చేద్దామంటే గడువు లేదన్నారు.”

“ఎవరన్నారు?”

అతను లావుపాటి ఫైలు మూసి లేచాడు.

సాయంత్రం ఆవిడ రిపోర్టు చదివి డైరెక్టరు నొసలు చిట్లించాడు. “గింజ మంచిదని నువ్వే తేల్చావు. మళ్ళీ దరఖాస్తు వెనక్కి పంపమంటావేంటి?”

“ఈ ఒక్క విషయంలో మంచిదని తేలింది సార్. ఫైల్లో ఇంకా నూట నలభై ఫొటోలున్నాయి. అన్నిటికీ కత్తిరించని అసలు ఫొటోలు కావాలి.”

ఆయన కలం మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీసి సంతకం చేశాడు.

నాలుగు నెలలకు అసలు ఫొటోలు పెట్టెల్లో వచ్చాయి. ఆరింటికి మాత్రం కత్తిరించని ఫొటోలు దొరకలేదు. ఆ ఆరు పరీక్షలూ కొత్తగా చేయించారు. అన్నీ సరిగ్గానే వచ్చాయి. మరుసటేడు మొక్కజొన్నకు అనుమతి దొరికింది. పెట్టెలు తెచ్చింది మాత్రం వేరే మనిషి. ఇస్త్రీ చొక్కా అతను ఏమయ్యాడని ఆవిడ అడిగితే, “మానేశాడండీ,” అన్నాడు ఎటో చూస్తూ.

మానేశాడో, మాన్పించారో. ఆ సంగతి ఏ పరీక్షా తేల్చలేదని ఆవిడకు తెలుసు. అయినా కంపెనీకి ఫోన్ చేసి అతని నంబరు అడిగింది.