అర్థమైనంత పొడుగు

పొద్దున్నే దుకాణం తెరిచే ముందు టైలరు తన భార్య ప్యాంటు చేతిలోకి తీసుకునేవాడు. కాళ్ళ దగ్గర లోపలికి మడిచి ఉంచిన గుడ్డని కాస్త విప్పి, మళ్ళీ కుట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చేవాడు. ఆమె యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఎమ్మే చదువుతోంది. ఏదైనా కొత్త సంగతి నిజంగా అర్థమైన రోజున కొంచెం పొడుగయ్యేది. వాళ్ళమ్మ వైపు వాళ్ళందరూ అంతే. అందుకని టైలరు ఆవిడ బట్టలకి మడత ధారాళంగా వదిలేవాడు.

కూతురు హైస్కూలుకి వచ్చాక మళ్ళీ పుస్తకం పట్టిన మనిషి కాబట్టి క్లాసులో అందరూ అక్కా అని పిలిచేవారు. వెనకవాళ్ళకి బోర్డు కనపడదని తనే చివరి బెంచీకి వెళ్ళి కూర్చుంది. ఆఫీసు గుమాస్తాకి బీరువా మీది ఫైళ్ళు దించాల్సివస్తే స్టూలు కోసం వెతికేవాడు కాదు. “అక్కగారూ, ఒక్క చెయ్యి వేస్తారా?” అని గుమ్మంలోంచే కేకేసేవాడు.

ఆ ఏడు ఆర్థిక వృద్ధి సిద్ధాంతం అనే పేపరు వచ్చింది. చెప్పేది గ్రాఫుల సారు. ఆయన గీసిన గీత మొదట నిటారుగా లేచి, పోనుపోను వంగి, చివరికి బల్లపరుపుగా పడుకునేది.

“యంత్రాలు పెంచుకుంటూ పోతే ఉత్పత్తి పెరుగుతుంది. కానీ పెరిగే వేగం తగ్గుతూ వచ్చి, ఒకచోట ఆగిపోతుంది,” అన్నారాయన.

అక్కకి తమ దుకాణం కళ్ళ ముందు కదిలింది. కుట్టుమిషన్ ఒకటే ఉన్నప్పుడు టైలరు కుట్టేవాడు. రెండోది కొన్నాక తనూ కూర్చుంది, పని జోరందుకుంది. ఆ ఊపులో మూడోది కూడా కొన్నారు. కూర్చునే మనిషి లేక ఇప్పుడు దాని మీద తువాళ్ళు ఆరేస్తున్నారు. క్లాసులోనే ఫక్కున నవ్వింది. మర్నాడు టైలరు మడత విప్పాడు.

ఆ తర్వాతి పాఠం దగ్గర బండి ఆగింది. అలా ఆగిపోవాల్సిన దేశాలు మరెందుకు పెరుగుతూనే ఉన్నాయి? యంత్రాల్నీ మనుషుల్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా మిగిలే ఆ పెరుగుదల ఎక్కణ్ణించి వస్తోంది? “కొత్త ఆలోచనల నుంచి,” అని సారు ఒక్క ముక్కలో తేల్చి, బోర్డు నిండా సమీకరణాలు రాసేశారు. అక్క వాటిని బట్టీ పట్టి, పరీక్షలో గడగడా రాసి, క్లాసులో ఫస్టు వచ్చింది.

“ఫస్టన్నావు, మడత విప్పే పనే పడలేదేమిటోయ్?” అన్నాడు టైలరు.

“రాయడం వచ్చిందండీ, అర్థం కాలేదు,” అంది ఆమె, ఏమాత్రం తొణక్కుండా. “అవుతుంది. దాని అంతు చూడందే వదలను.”

అదే పరీక్షలో చిట్టి తప్పింది. చిట్టి అంటే క్లాసులో అందరికన్నా పొట్టి పిల్ల, ముందు బెంచీలో కూర్చునేది. తప్పడం అది మొదటిసారి కాదు. మళ్ళీ రాయడానికి ఇంకొక్క అవకాశం ఉంది. వాళ్ళ నాన్న మాత్రం, “అదీ పోగొట్టుకుని బాధపడటం ఎందుకమ్మా, బాబాయి ఫోన్ల షాపులో కౌంటరు చూసుకుందువుగాని. శనివారం వచ్చి తీసుకెళ్తాను,” అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం చిట్టి క్యాంటీనులో అక్క ఎదురుగా వచ్చి కూర్చుంది.

“అక్కా, ఈ ఒక్క పాఠం చెప్పవా? రేపు ఎలాగూ వెళ్ళిపోతాను. తెలీకుండానే పోయానన్న బాధ ఉండకూడదు.”

అక్క టీ గ్లాసుని పక్కకి జరిపింది. అర్థమైనది ఇంకొకరికి చెప్తే ఆ మేరకు పొడుగు తగ్గుతుందని వాళ్ళమ్మ చెప్పేది. ఆ మాటకి జడిసి ఆ ఇంటి ఆడవాళ్ళెవరూ ఎవరికీ ఏదీ నేర్పలేదు. కూతురు లెక్కలు అడిగినా అక్క ‘మీ నాన్నని అడుగు’ అని తప్పించుకునేది. చిట్టి మొహం చూస్తే ఇవాళ ఆ మాట నోటికి రాలేదు. ‘తగ్గితే తగ్గానులే,’ అనుకుని కుర్చీ ముందుకి జరుపుకుంది.

“నాకూ సగమే తెలుసు. ఇద్దరం కలిసి చూద్దాం. మా మిషన్ మీద ఆయన కూర్చుంటే నేను కూర్చోలేను. అవునా?”

“మా బాబాయి ఫోన్లూ అంతే. ఒకళ్ళు కొనుక్కెళ్తే ఇంకొకళ్ళకి ఉండదు.”

“ఆఁ. కిందటేడు మావారు కాలరుకి కొత్త కత్తిరింపు కనిపెట్టారు. గుడ్డ బాగా కలిసొస్తుంది. నాలుగు రోజులు తిరక్కుండా పక్క షాపతను కొట్టేశాడు. ఈయన అలిగి భోజనం మానేశారు.”

చిట్టి నవ్వింది. “మరి మీ కత్తిరింపు పోయిందా?”

అక్క ‘పోయింది’ అనబోయింది. “పోలేదే! మా దగ్గరే ఉంది. పైగా పక్కతను దానికింకో మెలిక పెట్టాడు. దాన్ని మావారు కొట్టేశారు.”

“అంటే ఎంతమంది తీసుకున్నా తరగదు!” చిట్టి బల్ల మీద చరిచింది. “మిషన్ని ఒకరు వాడుకుంటే ఇంకొకరు ఆగాలి. ఆలోచన ఎవరు తీసుకున్నా మొత్తం వస్తుంది, దాని మీద ఇంకోటి పుడుతుంది. అందుకే ఆ దేశాల గీత పడుకోదు!”

“అందుకే పడుకోదు,” అంది అక్క నెమ్మదిగా.

“మరి అందరూ కొట్టేస్తూ పోతే కొత్తది కనిపెట్టడానికి ఎవరు కష్టపడతారక్కా?”

“అది వచ్చే పాఠం. అదీ చూద్దాం.”

లేచి నిలబడి, బెరుగ్గా కాళ్ళకేసి చూసుకుంది అక్క. ప్యాంటు నేలకి జీరాడుతుందనుకుంది. అది చీలమండల పైకి పోయింది. పక్కనే లేచిన చిట్టి తల, ఎప్పుడూ ఆమె మోచేతి దగ్గరుండేది, ఇప్పుడు భుజం దాటి ఉంది. క్యాంటీనతను, “గ్లాసులు అక్కడే వదిలెయ్యండమ్మా,” అని బల్ల తుడుచుకుంటూ పోయాడు. ఆ సాయంత్రం అక్క ఇంటికెళ్ళగానే కూతుర్ని పిలిచి లెక్కల పుస్తకం తెమ్మంది.

శనివారం చిట్టి వాళ్ళ నాన్న కారు హాస్టలు ముందు ఆగింది. చిట్టి పెట్టెతో మెట్లు దిగి వచ్చింది. ఆయన అలవాటుగా తల నిమరబోతే చెయ్యి భుజం మీద పడింది. ఒక క్షణం అలాగే ఉంచాడు.

“పరీక్ష ఎప్పుడన్నావమ్మా?”

“వచ్చే నెల నాన్నా.”

ఆయన తెరిచిన డిక్కీ మూసేశాడు. “బాబాయికి ఇంకో మనిషిని చూసుకోమని చెప్తాలే. పెట్టె తర్వాత పైకి పట్టుకెళ్దువుగాని. ఇంతకీ నువ్వు తప్పిన ఆ పాఠం ఏవిటి? నాకూ కాస్త చెప్పు.”

ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. చిట్టి ఫోన్ల దగ్గర మొదలుపెట్టింది. ఆయన మధ్యమధ్య అడ్డం వచ్చి వాదించాడు, ఒకచోట ఒప్పుకోనన్నాడు, కాసేపటికి పకపకా నవ్వాడు.

తిరిగి ఒక్కడే వెళ్ళేటప్పుడు ఆయన మోకాళ్ళు స్టీరింగుకి తగిలాయి. సీటు వెనక్కి జరుపుకుని, అద్దం సరిచేసుకుని, బయల్దేరాడు.