పెద్దసారు కాఫీలో నీళ్లు

మూడు చెంచాల పొడి వేసి, నాలుగోది గిన్నె మీద పట్టుకుని ఆగిపోయాడు అటెండరు. చెంచా ఒరిగింది. రాలినంత రాలింది. అది అర చెంచానో పావు చెంచానో తేలలేదు.

ఇరవై రెండేళ్లుగా ఆఫీసులో కాఫీ కాస్తున్నాడు. సన్నటి మనిషి. ఎవరో మొట్టబోతున్నట్టు మెడ ఎప్పుడూ భుజాల్లోకి కుంగి ఉంటుంది. ఇంట్లో అన్నం తింటున్నా, ఎవరైనా గట్టిగా దగ్గితే లేచి నిలబడతాడు. "కూర్చోవయ్యా, దగ్గింది పక్కింటాయన, మీ సారు కాదు" అంటుంది భార్య.

ఇదివరకటి సార్ల కాలంలో పాలూ పంచదారా అన్ని తప్పుల్నీ కప్పేసేవి. కొత్త పెద్దసారుకు పాలు పడవు. మొన్న ఒక్క గుక్క తాగి, "ఇది కాఫీయా, కప్పు కడిగిన నీళ్లా?" అన్నారు. నిన్న పొడి పెంచితే, "నన్ను చంపుదామనా?" అన్నారు. కింది అంతస్తులో కిటికీ లేని పాత ఫైళ్ల గదికి ఓ మనిషి కావాలని నోటీసు బోర్డుకి కాగితం అంటించారు.

"కిందికి దుప్పటి తెచ్చుకో బాబాయ్, చలిగా ఉంటుందట" అంది టైపిస్టు.

"ఊరుకో తల్లీ, నీకు పుణ్యముంటుంది."

పదింటికి వచ్చే సారు కోసం తొమ్మిదిన్నరకే స్టవ్ వెలిగించాడు. సారు రాలేదు. నీళ్లు ఇగిరాయి. నల్లగా కనబడేసరికి ఇన్ని నీళ్లు పోశాడు. పలచబడిందని ఇంత పొడి వేశాడు. మళ్లీ ఇగిరింది. మళ్లీ పోశాడు. రుచి చూద్దామంటే భయానికి నోరెండిపోయి, ఏది తాగినా ఒకటే చేదు.

పదకొండింటికి సారు వచ్చారు. తాగారు. అటెండరు ఆయన గొంతు వంకే చూస్తూ నిలబడ్డాడు.

"కాఫీ అంటే ఇదీ" అన్నారు సారు. "రేపట్నుంచి అచ్చం ఇలాగే ఉండాలి. చుక్క అటూ ఇటూ కాకూడదు."

బయట టైపిస్టు నవ్వింది. "గట్టెక్కావు బాబాయ్!"

"ఎక్కడమ్మా, నిండా మునిగాను. ఏం కలిపానో నాకే తెలీదు."

స్టూలు మీద కూర్చుని ఓ కాగితం, పెన్సిలు తీశాడు. భోజనానికి లేవలేదు. ఎడమ చెయ్యి లాగుతుంటే ఒకసారి విదిలించి మళ్లీ లెక్కలో పడ్డాడు.

మూడింటికి సారు బెల్లు కొట్టారు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి, బెల్లు మోగినా అటెండరు లేవలేదు. టైపిస్టు వచ్చి భుజం తట్టింది. ఇంకోసారి తట్టి, చల్లబడ్డ చెయ్యి తగిలి కేకపెట్టింది.

అతన్ని తీసుకెళ్లాక స్టూలు కింద కాగితం మిగిలింది. పొడి అయిదు చెంచాలు, సుమారుగా. దాని కింద నీళ్లు అని రాసి, నాలుగు అంకెలు వేసి, నాలుగూ కొట్టేసి ఉన్నాయి.