మూల కూర్చున్న మనిషి

బొగ్గుతో నడిచే బస్సు సూర్యాపేట దాటేసరికే జానయ్య చొక్కా వీపున తడిసిపోయింది. ఒళ్లో గుడ్డసంచి. అందులో ఇన్సూరెన్స్ కంపెనీ ఫారం, సిరా పెట్టె, వేలు తుడవడానికి పాత గుడ్డపీలిక. మునగాల దగ్గర కమ్యూనిస్టుల కోసం గాలిస్తున్న మిలిటరీ వాళ్లు అందరినీ దింపి వెతికారు. తుపాకీ పట్టుకున్న సిపాయి ఫారం తిప్పి చూసి ఇదేమిటని ఉర్దూలో అడిగాడు. పోయినవాళ్ల కాగితమని చెప్పగానే ముట్టుకున్న చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. జానయ్యకు నవ్వొచ్చింది గానీ ఆపుకుని బస్సెక్కాడు.

యాభై రెండేళ్ల మనిషి. సన్నగా, కాస్త వంగి ఉంటాడు. పంతొమ్మిదేళ్లుగా ఒకటే పని: పాలసీదారు చనిపోతే ఆ ఇంటికి వెళ్లి భార్య వేలిముద్ర తీసుకురావడం. పాలసీలు అమ్మే ఏజెంట్లకు ఎక్కడికి పోయినా చాయ్, ఫలహారం. జానయ్య సైకిలు సందు మలుపు తిరిగితే మాత్రం తలుపులు దగ్గరికి పడతాయి. చుట్టాలు ఆయన్ను పెళ్లికి పిలుస్తారు గానీ ముహూర్తం దాటాక రమ్మంటారు. భార్య విజయలక్ష్మి దానికి కళ్లనీళ్లు పెట్టుకుంటే, భోజనాల బంతి వేళకు పోవడమే మనకు లాభమని ఊరుకోబెట్టేవాడు.

ఆయన పట్టుదల ఒక్కటే. చావు కబురు ఏ ఇంటికీ మొదట తన నోటితో చేరకూడదు. అందుకే పదకొండో దినం దాటందే ఎవరి గడపా తొక్కడు. మొగుడు పోయి మూల కూర్చున్న ఆడమనిషి ముఖంలోకి చూడడు. నేల చూస్తూ మాట్లాడి, నేల చూస్తూనే వచ్చేస్తాడు. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆ మాట తప్పలేదు.

ఈసారి పోయినవాడు కొండల్, మిర్యాలగూడ బియ్యం మిల్లులో ఇంజను నడిపేవాడు. వాంతిభేదితో ఒక్క పూటలో పోయాడు. అన్న దహనం చేసి కంపెనీకి ఉత్తరం రాశాడు. భార్య లీలావతి కోదాడలో తల్లిగారింట ఉందని అందులో ఉంది. పోయి పద్నాలుగు రోజులు. కోదాడలో దిగేముందు జానయ్య వేళ్ల మీద మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకున్నాడు.

తలుపు ఓరగా వేసి ఉంది. పిలిస్తే లోపలినుంచి రమ్మని సన్నటి ఆడగొంతు వినబడింది. ఇల్లంతా చీకటి, సాంబ్రాణి పొగ. మూలన చాప మీద, పాత చీరలో, కనుబొమల దాకా తలకు గుడ్డ చుట్టుకుని ఒక మనిషి గోడకు ఆనుకుని ఉంది. జానయ్య వెంటనే చూపు దించుకుని గడప పక్కన కూర్చుని ఫారం, సిరా పెట్టె తీశాడు.

“ఇన్సూరెన్సు కంపెనీ నుంచి వచ్చిన బిడ్డా. కొండల్ పోయిన కాగితం మీద నీ యేలిముద్ర గావాలె. దినాలు అయినంకనే వచ్చిన.”

ఎప్పుడూ వినబడే ఏడుపు వినబడలేదు. ఆమె పక్కన చాటలో గుడ్డల కింద ఏదో కదిలింది. సన్నటి గొంతుతో పసిబిడ్డ ఏడ్చింది.

జానయ్య తలెత్తాడు. తలగుడ్డ కింద ఎర్రటి బొట్టు. చేతుల నిండా గాజులు. మూల కూర్చున్నది ముండమోసిన మనిషిలా కాదు, బాలింతగా. చెవుల్లో దూది చూసి, వినబడలేదేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాడు. ఆమె కళ్లు చూశాక ఆ ఆశా పోయింది. ఫారాన్ని నేల మీద బోర్లించాడు.

తల్లి రుక్కమ్మ వేడినీళ్ల చెంబుతో పెరటివైపు నుంచి వచ్చింది. సిరా పెట్టెనూ, కూతురి ముఖాన్నీ చూసి అక్కడే నిలబడిపోయింది.

“ఆయన వస్తడని నిన్న సుత అంటివి గదనే అవ్వా,” అంది లీలావతి.

రుక్కమ్మ చెంబు కింద పెట్టింది. చావు కబురు చెబితే బాలింతకు పాలు ఎండిపోతాయని, బిడ్డ పుట్టిన ఇరవయ్యొకటో దినం దాకా దాచాలని ఇంటివాళ్లు అనుకున్నారు. ఇంకా అయిదు రోజులున్నాయి.

లీలావతి జానయ్య వైపు తిరిగింది. “నువ్వు కండ్లార సూసినవా పెద్దయ్యా?”

“లేదు బిడ్డా. కాగితమే సూసిన.”

“గా పేరుతోని మిల్లుల ఇంకొకాయన ఉన్నడేమో.”

ఇంకొకాయన లేడు. తండ్రి పేరు, ఊరు, కుడి భుజం మీది మచ్చ, అన్నీ ఫారంలో ఉన్నాయి. రుక్కమ్మ కళ్లతోనే ఆయన్ను బతిమాలుతోంది. బిడ్డ ఏడుస్తూనే ఉంది.

“ఉండొచ్చు బిడ్డా,” అన్నాడు జానయ్య. “ముసలోణ్ని. వేరే ఇంటికి పోవాల్సినోణ్ని గీడికొచ్చిన.”

నమ్మిందో, నమ్మాలనుకుందో ఆయనకు తెలియలేదు. ఆమె బిడ్డను ఎత్తి రొమ్ముకు పెట్టుకుంది. ఏడుపు ఆగింది. రెండో చేత్తో గూట్లోంచి మడతపెట్టిన పంచె తీసి ఆయన వైపు జరిపింది. ఇరవయ్యొకటో నాడు మొగుడికి పెట్టడానికని తనే రుక్కమ్మ చేత తెప్పించిందట.

“మిర్యాలగూడ దిక్కు పోతే ఆయనకియ్యి. గిదే కట్టుకొని రమ్మను.”

జానయ్య కాదనలేక తీసుకుని సంచిలో పెట్టుకున్నాడు. ఎంత పని చేశానురా దేవుడా అనుకుంటూ బస్సెక్కాడు. సూర్యాపేట దాకా ఆ సంచిని ఒళ్లోంచి దించలేదు.

మర్నాడు ముద్ర లేని ఫారం మేనేజరుకిచ్చి, ఈ పనికి ఇంకో మనిషిని చూసుకోమన్నాడు. కారణమడిగితే చూపు ఆనడం లేదన్నాడు. పంచెను ఇంటికి పట్టుకుపోవడానికి చేతులు రాక సంచిని బల్ల కింద పెట్టి, ఎవరికీ చెప్పకుండా నడుచుకుంటూ వెళ్లిపోయాడు. సాయంత్రం గుమాస్తా ఆ సంచి దులిపితే సిరా పెట్టెతోపాటు పంచె బయటపడింది. కొత్తది, మడత విప్పనిది, ఒక అంచున పసుపు పెట్టి ఉంది.