సందుల్లో సంధులు

జగన్మోహనరావు మాస్టారు సంధులు మొదలుపెడితే చాలు, తొమ్మిదో తరగతిలో వెనక బెంచీలు నిద్రకు ఒరిగేవి. నాంపల్లి సర్కారు బడిలో ఆయన తెలుగు చెప్పబట్టి ఇరవై ఆరేళ్లయింది. ఉదాహరణ అడిగితే క్లాసు లీడరు హైందవి టక్కున లేచి "రామాలయం సార్" అనేది. ఇంకోటి చెప్పమంటే "దేవాలయం సార్" అనేది. ఆపైన అందరూ ఫ్యాను వంక చూసేవాళ్లు.

ఒకరోజు ఆయనకు విసుగొచ్చింది. "రోజూ బడికొచ్చే దారిలో ఎన్ని బోర్డులు చూస్తారు! వాటి మీద ఒక్క సంధీ కనపడలేదా?" అన్నారు.

"ఫోటోలు తీసి వాట్సాప్‌ల పెట్టమంటరా సార్?" అంది హైందవి.

ఆమె మాటవరసకే అంది గాని ఆయన పట్టుకున్నారు. ఆ సాయంత్రమే గ్రూపు తయారైంది. పేరు వెనక బెంచీ మణిదీప్ పెట్టాడు, 'సందుల్లో సంధులు' అని. ఫోన్లు అమ్మానాన్నలవి కాబట్టి, వాళ్లు పనుల నుంచి వచ్చాకే ఫోటోలు పంపాలని నియమం. పొద్దున క్లాసులో పెద్ద తెర మీద ఒక్కోటీ పెట్టి విడదీయాలి.

వారం తిరిగేసరికి క్లాసు రూపే మారిపోయింది. బేగంబజారు నుంచి వేంకటేశ్వర కిరాణం వచ్చింది, ఆబిడ్స్ నుంచి వస్త్రాలయం, కాచిగూడ నుంచి సూర్యోదయ లాడ్జి. "వేంకట ప్లస్ ఈశ్వర, గుణసంధి!" అని పిల్లలు అరుస్తుంటే పక్క క్లాసు వాళ్లు కిటికీల్లోంచి తొంగిచూశారు. అందరికంటే ఎక్కువ ఫోటోలు పంపింది అనురాధ. అచ్చంపేట దగ్గరి పల్లె నుంచి ఆ యేడే వచ్చి చేరింది. క్లాసులో నోరు విప్పితే ఒట్టు. గ్రూపులో మాత్రం సంధి పేరుతో సహా రాసి పెట్టేది.

ఒక గురువారం మణిదీప్ ఒక టిఫిన్ హోటల్ బోర్డు పంపాడు. గన్‌ఫౌండ్రీ పక్క గల్లీలోదట. పసుపు మీద ఎర్రటి అక్షరాలు, ముత్యాల్లా ఉన్నాయి. 'అల్పహార కేంద్రం' అని రాసి ఉంది.

మాస్టారికి హుషారొచ్చింది. "అల్ప, ఆహారం కలిస్తే అల్పాహారం కావాలి. దీర్ఘం ఎగిరిపోయి హారం మిగిలింది. అంటే ఈ హోటల్లో ఇడ్లీలు దొరకవు, చిన్న చిన్న దండలు దొరుకుతాయి" అని గ్రూపులో రాశారు. క్షణాల్లో నవ్వు బొమ్మలు వరదలా వచ్చిపడ్డాయి. ఒకడు మెడలో ఇడ్లీల దండ వేసుకున్నట్టు బొమ్మ గీసి పంపాడు. ఆయన కూడా పగలబడి నవ్వారు. ఆ నవ్వుల మధ్యలో ఒక చిన్న లైను పడింది: అనురాధ గ్రూపు నుంచి వెళ్లిపోయారు.

మర్నాడు పిల్ల బడికి రాలేదు. ఖాళీ పీరియడులో ఆ ఫోటోను పెద్దది చేసి చూశారాయన. బోర్డు అడుగున, మూలగా, చీమంత అక్షరాల్లో ఉంది: రాజయ్య ఆర్ట్స్. రిజిస్టరు తీశారు. అనురాధ, తండ్రి పేరు రాజయ్య, వృత్తి పెయింటర్.

మాస్టారి చెవులు వేడెక్కాయి. తప్పు దిద్దడం తన పనే. కానీ తను దిద్దలేదు, ఎగతాళి చేశాడు. అదీ నలభై మంది ముందు.

సాయంత్రం హైందవిని వెంటబెట్టుకుని నాంపల్లి స్టేషను వెనక ఉన్న రాజయ్య గదికి వెళ్లారు. అనురాధ ఆయనను చూసి తలుపు చాటుకు తప్పుకుంది. రాజయ్య రంగు చేతులు తుడుచుకుంటూ కుర్చీ వేశాడు.

"ఏంది సార్, గీడిదాక వచ్చిన్రు? బిడ్డ ఏమన్న లొల్లి చేసిందా?"

"లేదు రాజయ్యగారూ, చేసింది నేను." మాస్టారు జరిగిందంతా దాచకుండా చెప్పారు.

రాజయ్య ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "నా బోర్డు మీ పిల్లలందరు చూసిన్రా?"

"చూశారు."

"పెద్ద టీవీల పెడ్తరట గద, గండ్ల గూడ వస్తుండెనా?"

"ఇవాళ పెట్టాల్సింది. పెట్టలేదు."

రాజయ్య మొహం విప్పారింది. "నేను మూడో తరగతి సార్. షాపాయన చీటీల ఎట్ల రాసిస్తె అట్లనే దించుత. తప్పని ఎవ్వరు చెప్పకపాయె. మీరన్న చెప్పిన్రు." తలుపు వైపు తిరిగాడు. "ఏమే, గింతదానికి బడి బంద్ పెడ్తవా? ఒక్క గీత గద! నా డబ్బా తీస్కరా, పోయి పెట్టొద్దాం."

అనురాధ కళ్లు తుడుచుకుని డబ్బా తెచ్చింది. నలుగురూ నడుచుకుంటూ గన్‌ఫౌండ్రీ వెళ్లారు. దారిలో హైందవి మాస్టారి ఫోను అడిగి తీసుకుని గ్రూపులో ఏం పెట్టిందో ఏమో, వీళ్లు చేరేసరికి డజను మంది పిల్లలు హోటల్ ముందు ఉన్నారు. యజమాని జితేందర్ కంగారుపడ్డాడు. సంగతి విన్నాక నిచ్చెన తనే తెచ్చి పట్టుకున్నాడు. రాజయ్య ఒక్క చేత్తో, గీత వణక్కుండా, 'ల్ప' మీద దీర్ఘం లాగాడు. కింద పిల్లలు చప్పట్లు కొట్టారు. జితేందర్ అందరికీ మిర్చి బజ్జీలు పెట్టాడు.

బజ్జీ చేతిలో ఉండగానే మాస్టారు ఫోను తీసి, తను రాసిన మాటకు అనురాధకూ వాళ్ల నాన్నకూ క్షమాపణ చెబుతూ గ్రూపులో రాశారు. అనురాధను మళ్లీ చేర్చారు. మణిదీప్ దగ్గరికొచ్చి, "సారీ, నాకెర్కలే" అన్నాడు. "నాక్కూడ ఎర్కలే, నువ్వు గా ఫోటో పెడ్తవని" అంది అనురాధ. ఇద్దరూ నవ్వేశారు.

మాస్టారు అడగ్గా అడగ్గా తర్వాతి వారం శనివారం రాజయ్య బడికొచ్చాడు. కొత్త చొక్కా, చేతిలో నాలుగు కుంచెలు. వరండా గోడ మీద అక్షరాలు ఎట్లా కూర్చాలో చూపించాడు. పిల్లలు వరసకట్టి తలా ఒక అక్షరం రాస్తుంటే లహరి అనే అమ్మాయి మాస్టారి ఫోనుతో వీడియో తీసి గ్రూపులో పెట్టింది. మధ్యాహ్నానికల్లా తల్లిదండ్రుల ఫోన్లన్నిటా అదే తిరిగింది. ఒక తల్లి తనకు ముగ్గులొచ్చనీ, వచ్చి నేర్పుతాననీ వాయిస్ మెసేజ్ పెట్టింది.

చివరికి మాస్టారూ వరసలో నిలబడ్డారు. ఆయన రాసిన 'క్ష' గోడ మీద ఒక పక్కకు కూలబడింది.

"అట్ల కాదు సార్!" వెనక నుంచి గొంతు ఖంగుమంది. క్లాసంతా తిరిగి చూసింది. అనురాధ! "కుంచె గట్టిగ వత్తుతున్రు. జర అల్కగ పట్టున్రి. ముందుగాల గుండ్రం తిప్పున్రి, తలకట్టు ఆఖరుకు."

"ఔనా అమ్మా?" అన్నారాయన, వినయంగా కుంచె మళ్లీ రంగులో ముంచుతూ.