అంచెక్కిన రబ్బరు పట్టీ

అరవై తొమ్మిదిలో చక్రం తిప్పేవాళ్లందరూ హైదరాబాదులో ఉన్నారు. తిరగని చక్రం మాత్రం జనగామలో ముత్యం చేతిలో ఉంది.

తెలంగాణ ఉద్యమం వల్ల బస్సులు బంద్, దుకాణాలు బంద్. అతని ఊరు దేవరుప్పులలోనేమో పశువులు గొంతులు వాచి, గురకలు పెట్టి పడిపోతున్నాయి. పక్కింటివాళ్ల ఎద్దు నిన్న పోయింది. ముత్యం ఎడ్ల జత ఇంకా గడ్డి తింటోంది. అతనికే ముద్ద దిగడం లేదు. జనగామ పశువుల దవాఖానలో ఇచ్చిన టీకా సీసా థర్మాసులో, ఐసుముక్కల మధ్య ఉంది. ఐసు కరిగితే ఆ మందు పొడిచినా ఒకటే, పొడవకపోయినా ఒకటేనని చెప్పి పంపారు.

జనగామ దాటకముందే సైకిలు ముందుచక్రం తుస్సుమంది. వెనకనే ముత్యం కూడా తుస్సుమన్నాడు.

సైకిలు షాపు అక్తర్ సగం తలుపు తీసి, ట్యూబు లాగి చూశాడు. "ముల్లు కాదన్నా. లోపట్నుంచి కుట్టింది. రిమ్ము మీది పట్టీ జర సన్నగున్నది. పక్కకు జరిగితే స్పోకుల తలలు బయటపడ్డయి."

"కొత్తది ఎయ్యి భాయ్!"

"బజారంత బంద్. పాత ట్యూబు కోసి ఏస్త. ఎంత ఎడల్పు పడ్తదో కొలవనియ్యి."

"కొలుసుడేంది? ఆడ ఐసు కరుగుతున్నది! ఎడల్పుగ కొయ్యి, ఒక్క స్పోకు గూడ తల లేపొద్దు!"

"ఎక్కువైతే రిమ్ము అంచెక్కుతదన్నా. టైరు కూసోదు."

"నేనే కూసుంటలేను, టైరు కూసోకపోతే ఏమాయె!" ముత్యం కత్తెర గుంజుకుని తానే వెడల్పుగా కోశాడు. "కాళ్లు మొక్కుత, గాలి కొట్టు."

అక్తర్ తల కొట్టుకుని, ట్యూబుకు అతుకేసి, తర్వాత గాలి కొట్టాడు.

రెండు మైళ్లు పోయేసరికి, అంచెక్కిన రబ్బరు టైరును పైకి నెట్టింది. సందులోంచి ట్యూబు కప్ప గొంతులా ఉబ్బి ఢామ్మంది. ముత్యం సైకిలును ఈడ్చుకుంటూ ఎర్రటెండలో వెనక్కి పరుగెత్తాడు. థర్మాసులో ఐసు గలగల తగ్గి, నీళ్ల చప్పుడు పెరిగింది.

"తప్పయింది భాయ్. నీ ఇష్టం. జర జల్ది..."

"జల్ది నీది, కొలత రిమ్ముది." అక్తర్ రిమ్ము పల్లంలో అడ్డంగా దారం పెట్టి కొలిచాడు. స్పోకుల తలలన్నీ కప్పి, అటూ ఇటూ గోడలు ఎక్కకుండా కోశాడు. వేరే ట్యూబు వేసి, చుట్టూ వేళ్లతో ఒత్తి చూశాడు. అంతసేపూ ముత్యం తన వేళ్లు కొరుక్కున్నాడు.

ఈసారి చక్రం నోరెత్తలేదు. ముత్యమే తెలిసిన దేవుళ్లందరినీ పిలిచి, తెలియనివాళ్లను కూడా వరస కలిపి మొక్కాడు.

ఊళ్లో పశువుల కంపౌండర్ అబ్రహాం థర్మాసులో వేలు ముంచాడు.

"వక్కంత ఐసున్నది. నడుస్తది. ఎడ్లను పట్టు."

సూదులు పడ్డాయి. ముత్యం అక్కడే కూలబడ్డాడు. "బతికినయ్ గద సారూ?"

"అప్పుడేనా? మందు ఒంటికి పట్టనీకి రెండు వారాలన్న పడ్తది. అందాంక పశువుల మందల కలపకు. గొంతులు చూస్కుంట ఉండు."

ముత్యం ఎడ్ల మధ్య గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. ఒక్కో గొంతు మీద ఒక్కో చెయ్యి వేశాడు. ఎద్దు నెమరుకు తెచ్చుకున్నప్పుడల్లా చేతికింద గొంతు కదిలేది. ఆ ముద్ద మళ్లీ కిందికి దిగేదాకా ముత్యం గుటక మింగేవాడు కాదు.